కొత్త విండోస్ కోసం కొట్టులోని రెండు కంప్యూటర్లూ మార్చేయాలా?

ప్రశ్న: మా ఆయనా నేనూ పద్నాలుగేళ్లుగా డీటీపీ, జిరాక్స్ కొట్టు నడుపుతున్నాం. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తాం. ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా నింపుతాం. మాకు రెండు సిస్టమ్‌లున్నాయి. ఒకటి 2016లో కొన్న ఐ3, ఆరో జనరేషన్. ఇంకొకటి 2021లో ఇక్కడే అసెంబుల్ చేయించిన ఐ5, పదో జనరేషన్. రెండిట్లోనూ విండోస్ 10, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగుకి అను ఫాంట్లు ఉన్నాయి. ప్రింటర్ కానన్ ఎల్‌బీపీ 2900. విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందని స్క్రీన్ మీద మెసేజ్ వస్తోంది. సర్వీసు అబ్బాయి చూసి, రెండూ విండోస్ 11కి పనికిరావు, కొత్తవి కొనాల్సిందే అన్నాడు. బీటెక్ చదివే మా అబ్బాయేమో విండోస్ బదులు ఉచితంగా వచ్చే లినక్స్ వేసేద్దాం అంటున్నాడు. పేజ్‌మేకర్ పోతే మా పనే ఆగిపోతుంది. అప్పు చేసైనా కొనాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు అప్పు ఆలోచన పక్కన పెట్టండి. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మీ ఐ5 విండోస్ 11కి పనికొస్తుంది. ఐ3 పనికిరాదు, కానీ దాన్ని పారేయాల్సిన అవసరం లేదు. కొట్టులో దానికి వేరే పని ఉంది, అదేమిటో చెప్తాను. మీ ఉత్తరం చదివాక నాకు దిగులు వేసింది విండోస్ గురించి కాదు, పేజ్‌మేకర్‌లో ఉన్న మీ పద్నాలుగేళ్ల పని గురించి. దాని గురించే ఎక్కువ రాస్తాను.

ముందు ఆ మెసేజ్ సంగతి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. అంటే కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. మీరు ఆన్ చేస్తే ఆన్ అవుతుంది, పేజ్‌మేకర్ తెరుచుకుంటుంది, ప్రింట్ వస్తుంది. ఆగిపోయేది నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు. విండోస్‌లో ఎక్కడో ఒక కంత ఉందని బయటపడితే దాన్ని పూడ్చే పనిని మైక్రోసాఫ్ట్ ఇన్నాళ్లూ ఉచితంగా చేసింది, ఇక మామూలుగా చేయదు. కొత్త కంతలు మాత్రం బయటపడుతూనే ఉంటాయి.

మీకు మోసపోయినట్టు అనిపించి ఉంటే అందులో తప్పు లేదు. 2015 జూలై 29న విండోస్ 10 విడుదలైన రోజుల్లో, ఇదే చివరి విండోస్, ఇక మీద దీనికే అప్‌డేట్లు వస్తుంటాయి అన్న మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ మాట అన్నది ఆ కంపెనీ ఉద్యోగే. జనం నమ్మారు. ఆరేళ్లు తిరక్కుండానే 2021 జూన్ 24న విండోస్ 11ని ప్రకటించారు, అక్టోబర్ 5న విడుదల చేశారు. ధర విషయంలో ఇబ్బంది లేదు, అసలైన విండోస్ 10 ఉన్నవాళ్లకి ఉచితమే. ఇబ్బంది పెట్టింది షరతులు. అంతకుముందు కొత్త విండోస్ వచ్చిందంటే పాత సిస్టమ్‌లో కొంచెం నెమ్మదిగానైనా నడిచేది. ఈసారి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలంతో పాటు టీపీఎం 2.0 ఉండాలన్నారు, సెక్యూర్ బూట్‌కి, అంటే ఆన్ అయ్యేటప్పుడు నకిలీ ప్రోగ్రాములను రానివ్వని ఏర్పాటుకి వీలుండాలన్నారు. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే అన్నారు. దాంతో ప్రపంచమంతటా బాగా పనిచేస్తున్న ఎన్నో కంప్యూటర్లు ఒక్కసారిగా గీతకి అవతల పడిపోయాయి. భద్రత కోసమే అన్నారు, అందులో నిజం ఉంది. అయినా ఐదేళ్ల కిందట కొన్న సిస్టమ్‌ని కూడా పనికిరాదన్న తీరు సరైనది కాదని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

టీపీఎం అంటే చిన్న లాకర్ లాంటిది. హార్డ్ డిస్క్‌కి తాళం వేసే కీలు, మీ పిన్‌కి సంబంధించిన రహస్యాలు మామూలు ఫైళ్లలో కాకుండా అందులో ఉంటాయి. కొన్ని కంప్యూటర్లలో ఇది విడి చిప్. మీ పదో జనరేషన్ ఐ5 లాంటి వాటిలో ప్రాసెసర్‌తోనే వస్తుంది, ఇంటెల్ దాన్ని పీటీటీ అంటుంది. చిక్కల్లా ఎక్కడంటే, అసెంబుల్ చేసిన సిస్టమ్‌లలో బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్‌లో, అది చాలాసార్లు ఆఫ్‌లో ఉంటుంది. లాకర్ గోడలోనే ఉంది, తలుపు తెరవలేదు, అంతే. అలాంటప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్ల చెకింగ్ టూల్ నడిపితే పనికిరాదనే చూపిస్తుంది. మీ సర్వీసు అబ్బాయి ఆ ఒక్క లైను చూసి చెప్పి ఉంటాడు. మోసం చేశాడని నేను అనను, ఇంకో మెట్టు దిగి చూడలేదంతే.

మీరే చూడొచ్చు. ఐ5లో విండోస్ బొమ్మ ఉన్న కీని పట్టుకుని ఆర్ నొక్కండి. చిన్న పెట్టె వస్తుంది. అందులో tpm.msc అని కొట్టి ఎంటర్ నొక్కండి. టీపీఎం కనబడలేదని వస్తే, సిస్టమ్ రీస్టార్ట్ చేసి డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లి పీటీటీ అన్న చోట ఎనేబుల్ చేయాలి. ఆ తర్వాత స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరిస్తే బయోస్ మోడ్ అని ఒక లైను ఉంటుంది. అక్కడ యూఈఎఫ్ఐ అని ఉంటే మంచిదే, సెక్యూర్ బూట్‌కి కావలసిన కొత్త పద్ధతి అదే. లెగసీ, అంటే పాత పద్ధతి అని ఉంటే మాత్రం మీరు చేయి పెట్టకండి, తెలిసినవాళ్ల చేత చేయించండి. ముందు డిస్క్‌ని ఎంబీఆర్ పద్ధతి నుంచి జీపీటీకి మార్చాలి. అందుకు విండోస్‌లోనే ఒక టూల్ ఉంది, డేటా పోకుండానే మారుస్తుంది. అది అయ్యాకే బయోస్‌లో మోడ్ మార్చాలి. వరుస తప్పి ముందే మోడ్ మారిస్తే సిస్టమ్ విండోస్‌లోకి వెళ్లదు, అంతా పోయిందని అందరూ కంగారు పడతారు. మీ సర్వీసు అబ్బాయికి ఈ పేరా చూపించండి, అతనికి అర్థమవుతుంది. పని మొదలుపెట్టే ముందు బ్యాకప్ తీశారా అని మాత్రం మీరే అడగండి.

ఇక ఐ3. ఆరో జనరేషన్ కాబట్టి ఆ జాబితాలో లేదు. షరతులను దాటవేసి విండోస్ 11 వేసే దారులు ఉన్నాయి, ఎవరో ఒకరు వేసిపెడతామని కూడా అంటారు. ఇంట్లో సరదాకి వాడే సిస్టమ్ అయితే ప్రయత్నించమనేవాణ్ణి. బతుకు నడిపే సిస్టమ్‌లో వద్దు. అలా వేసుకున్నవాళ్లకి అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. అప్‌డేట్ల కోసమే కదా ఈ పాట్లన్నీ! అలాగే పెన్ డ్రైవ్‌లో తిరిగే, ఎవరో కత్తిరించి తేలిక చేశామని చెప్పే విండోస్‌లు కూడా వేయించకండి. అందులో ఏం తీసేశారో, ఏం కలిపారో మీకూ తెలియదు, వేసినవాళ్లకీ తెలియదు.

విండోస్ 10లోనే ఇంకొన్నాళ్లు భద్రంగా ఉండటానికి ఒక దారి ఉంది. ఈఎస్‌యూ అని, అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఇచ్చే పథకాన్ని మైక్రోసాఫ్ట్ పెట్టింది. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి, అది అసలైనదై ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే చేరమని లింకు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, మీ సెట్టింగ్స్ వాళ్ల దగ్గర బ్యాకప్ అయ్యేలా ఒప్పుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. ఆ బ్యాకప్ ఇష్టం లేకపోతే 30 డాలర్లు కట్టొచ్చు. రెండు సిస్టమ్‌లనూ చేర్చండి. ఐ5 కూడా ఎందుకంటే, దాన్ని తొందరపడి మార్చాల్సిన ఒత్తిడి పోతుంది.

అప్‌డేట్లు లేకపోతే నిజంగా అంత ప్రమాదమా అని మీకు అనిపించొచ్చు. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ వచ్చింది. ఫైళ్లకి తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తామంది. ఇంగ్లండ్‌లో కొన్ని ఆస్పత్రుల పనులు ఆగిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీస్ స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ కంతను పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. సపోర్ట్ ఎప్పుడో అయిపోయిన ఎక్స్‌పీ లాంటి పాత విండోస్‌లకి మాత్రం ఆ అప్‌డేట్ దాడి మొదలయ్యాకే వచ్చింది.

మీ కొట్టు సంగతి ఇంకా సున్నితం. దరఖాస్తులు నింపడానికి వచ్చినవాళ్ల ఆధార్ కార్డు, పదో తరగతి మార్కుల జాబితా, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ మీ డెస్క్‌టాప్ మీదే పడి ఉంటాయి కదా. వాళ్లు ఫోన్‌కి వచ్చిన ఓటీపీ కూడా చదివి మీకు చెప్తారు. మిమ్మల్ని నమ్మి ఇచ్చినవి అవి. దానికి తోడు రోజుకి పదిమంది పెన్ డ్రైవ్‌లు మీ సిస్టమ్‌కి పెడతారు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే ఆ వైరస్ మీ కొట్టులో ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. కాబట్టి ఇంటర్నెట్ పని, పెన్ డ్రైవ్‌లు, దరఖాస్తులు అన్నీ ఒక సిస్టమ్‌కే పరిమితం చేయండి. అది ఐ5. దరఖాస్తు పంపాక ఆ ఫైళ్లు తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసే అలవాటు చేసుకోండి.

ఐ3ని ఈఎస్‌యూలో చేర్చి, అప్పటిదాకా వచ్చిన అప్‌డేట్లు వేసుకున్నాక దానికి నెట్ తీసేయండి. వైఫై డాంగిల్ ఉంటే పీకేయండి. అది పేజ్‌మేకర్‌కి మాత్రమే. బయట దారులు లేని సిస్టమ్‌కి అప్‌డేట్లు లేకపోయినా భయం చాలా తగ్గుతుంది. మధ్యలో ఫైళ్లు మార్చుకోవడానికి మీ సొంత పెన్ డ్రైవ్ ఒకటే వాడండి, దాని మీద పెయింట్‌తో గుర్తు పెట్టుకోండి, కస్టమర్ చేతికి ఇవ్వకండి. వీలైతే ఐ3లో పాత హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయించండి. కొత్త సిస్టమ్ ఖర్చుతో పోలిస్తే తక్కువే, ఆన్ అవడంలోనే తేడా తెలుస్తుంది. పాత డిస్క్‌ని చెరపకుండా అలాగే బీరువాలో దాచండి, అదే మీ మొదటి బ్యాకప్.

ఇప్పుడు నా దిగులుకి వస్తాను.

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత దాని కంపెనీ అడోబీ, పేజీలు కూర్చే తన కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ మీదే దృష్టి పెట్టి దీన్ని వదిలేసింది. అంటే మీరు సపోర్ట్ పోయిందని భయపడుతున్న విండోస్ 10 పుట్టక ముందే పేజ్‌మేకర్‌కి దిక్కు లేకుండా పోయింది. ఇన్నాళ్లూ నడిచింది కాబట్టి ఎవరికీ తెలియలేదు. విండోస్ 11లో నడవదా అంటే, చాలాచోట్ల నడుస్తోంది. కానీ నడవకపోతే అడగడానికి ఎవరూ లేరు. ఇంకో సంగతి. విండోస్ 11 64 బిట్‌గా మాత్రమే వస్తుంది. ఐ5లో ఇప్పుడు 32 బిట్ విండోస్ 10 ఉంటే నేరుగా అప్‌గ్రేడ్ అవదు, కొత్తగా వేయాల్సిందే. పాతకాలం 16 బిట్ ప్రోగ్రాములేమైనా వాడుతుంటే అవి 64 బిట్‌లో తెరుచుకోవు. మీ తెలుగు సాఫ్ట్‌వేర్‌కి యూఎస్‌బీ లాక్ (పెడితేనే సాఫ్ట్‌వేర్ నడిచే, పెన్ డ్రైవ్ లాంటి తాళం) ఉంటే దాని డ్రైవర్‌ని కూడా విండోస్ 11 ఒప్పుకోవాలి. పాత డ్రైవర్లను అది కొన్నిసార్లు అడ్డుకుంటుంది.

రెండోది ఫాంట్లు. మీకు తెలిసే ఉంటుంది, అను ఫాంట్ లేని సిస్టమ్‌లో మీ శుభలేఖ తెరిస్తే తెలుగు ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగలిసి కనిపిస్తాయి. ఎందుకంటే ఆ పద్ధతిలో ఫైల్‌లో దాగేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లిష్ అక్షరం స్థానం. ఆ స్థానంలో తెలుగు బొమ్మను ఫాంట్ చూపిస్తుంది. ఫాంట్ మారితే బొమ్మ మారుతుంది.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. చాలా ఏళ్ల కిందట నేనూ డీటీపీ చేసేవాణ్ణి. అప్పుడే కొత్తగా వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఉత్సాహం కొద్దీ పెళ్లిళ్ల సీజన్ మధ్యలో వేసుకున్నాను. ఫాంట్లు నా పాత డిస్క్ నుంచి కాకుండా ఇంకెవరి దగ్గరో దొరికితే కాపీ చేశాను. పేరు ఒకటే, లోపల ఒకటి రెండు బొమ్మలు తేడా. ఒక శుభలేఖ ప్రూఫ్ అంతకుముందే పాత సిస్టమ్ నుంచి తీసి చూపించాను, వాళ్లు సరే అన్నారు. ట్రేసింగ్ పేపర్ మీద చివరి ప్రింట్ కొత్త సిస్టమ్ నుంచి ఇచ్చాను. ఐదు వందల కార్డులు అచ్చయ్యాయి. పెళ్లికూతురి తండ్రి కార్డు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, ఏమీ అనకుండా నా ముందు పెట్టి, అమ్మాయి పేరు మీద వేలు పెట్టారు. లక్ష్మి అన్న పేరులో మ వత్తు లేదు. ఆ కార్డులన్నీ నా ఖర్చుతో మళ్లీ కొట్టించాను. డబ్బు పోయింది సరే, ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే మీకు చెప్పేది, ఐ5లో విండోస్ 11 వేశాక వెంటనే కస్టమర్ పని అందులో చేయకండి. ఫాంట్ల ఫోల్డర్‌ని మీ ఐ3 నుంచే కాపీ చేయండి, బయట నుంచి తేవద్దు. మీరు ఇదివరకు అచ్చు వేసిన శుభలేఖల్లో వత్తులు ఎక్కువగా ఉన్నది ఒకటి తీయండి. అదే ఫైల్‌ని రెండు సిస్టమ్‌ల నుంచీ ప్రింట్ ఇవ్వండి. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో చూడండి. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు నుంచి కింద ఆహ్వానించువారి పేర్ల దాకా లైన్లు ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. ఒక పదం పక్క లైనుకి జారినా, ఒక వత్తు పక్కకి జరిగినా అక్కడ తెలిసిపోతుంది. మీ ప్రింటర్‌కి 64 బిట్ డ్రైవర్ ఉంది కాబట్టి విండోస్ 11లో అది నడిచే అవకాశమే ఎక్కువ, అదీ ఈ పరీక్షలోనే తేలిపోతుంది.

ఈలోగా, ఎలాంటి మార్పూ చేయకముందే, ఇంకో పని మొదలుపెట్టండి. పాత ఫైళ్లలో మళ్లీ మళ్లీ అడిగేవి, అంటే బిల్లు పుస్తకాలు, బడి ప్రోగ్రెస్ కార్డులు, గుడి ఉత్సవాల కరపత్రాలు, వీటిని ఒక్కొక్కటిగా తెరిచి ఫాంట్లు కలిసి ఉండేలా పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. పీడీఎఫ్‌లో తెలుగు బొమ్మగా నిలిచిపోతుంది, ఏ సిస్టమ్‌లో తెరిచినా అలాగే ఉంటుంది. రోజుకి పది చేసినా చాలు. ఇన్‌డిజైన్‌కి మారితే పాత ఫైళ్లు తెరుచుకుంటాయని ఎవరైనా అంటే నమ్మకండి. పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచే చివరి ఇన్‌డిజైన్ సీఎస్6, అది 2012 నాటిది. ఇప్పుడు నెలకింత కట్టి వాడేది వాటిని తెరవదు.

కొత్త పనులు మాత్రం నెమ్మదిగా యూనికోడ్‌లోకి మార్చండి. యూనికోడ్‌లో ఫైల్‌లో దాగేది నిజంగా తెలుగు అక్షరమే, ఫాంట్ మారినా మ వత్తు మాయం కాదు. కస్టమర్ వాట్సాప్‌లో పంపిన మ్యాటర్‌ని మళ్లీ టైప్ చేయకుండా నేరుగా వాడుకోవచ్చు, ఇది మీకు రోజూ గంట మిగులుస్తుంది. 2001 అక్టోబర్ 25న విండోస్ ఎక్స్‌పీ విడుదలైనప్పుడు నాకు నచ్చిన విషయం అదే. దాని తెర మీది పచ్చటి గుట్ట బొమ్మ గురించి అందరూ చెప్పుకున్నారు, నాకు మాత్రం అందులో గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంట్ రావడం పండగలా అనిపించింది. సీడీ పెట్టి, రీజనల్ ఆప్షన్స్‌లో ఒక టిక్ కొడితే ఫైల్ పేరు తెలుగులో రాసుకోగలిగాం. ఇప్పుడు నిర్మల యూఐ ఫాంట్ దానంతట అదే వస్తోంది, అమ్మ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారే ఫొనెటిక్ కీబోర్డ్ 2019 నుంచి విండోస్‌లోనే ఉంది. శుభలేఖలకి కావలసిన అందమైన అక్షరాలు కూడా గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి: మండలి, రామభద్ర, పెద్దన, సూరన్న, శ్రీకృష్ణదేవరాయ. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు కాబట్టి వీటికోసం ఇన్‌డిజైన్ గానీ, ఉచితంగా వచ్చే స్క్రైబస్, ఇంక్‌స్కేప్ గానీ నేర్చుకోవాలి. స్క్రైబస్ అయితే 1.6 వెర్షన్ తీసుకోండి, పాతవాటిలో మన వత్తులు విడిపోతాయి. చెయ్యి తిరగడానికి నెల పడుతుంది. ముందు చిన్న కరపత్రాలతో మొదలుపెట్టండి, శుభలేఖల జోలికి తర్వాత వెళ్లొచ్చు.

మీ అబ్బాయి మాట కొట్టిపారేయకండి. లినక్స్ మంచిదే. పాత సిస్టమ్‌లలో హాయిగా నడుస్తుంది, అప్‌డేట్లు ఉచితం, లైసెన్సు గొడవ లేదు. మన హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగు మెనూలతో లినక్స్ తయారు చేసింది, కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు చదువుకునేది లినక్స్ మీదే. అందులో తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు యాపిల్ పేరుతో కూడా ఒక లేఅవుట్ దొరుకుతుంది. కానీ మీ కొట్టుకి రెండు అడ్డంకులున్నాయి. పేజ్‌మేకర్‌ని అందులో నమ్మకంగా నడపలేరు. మీ ఎల్‌బీపీ 2900 ప్రింటర్‌ని లినక్స్‌లో పని చేయించడం తెలిసినవాళ్లకే తలనొప్పి. కస్టమర్ ఎదురుగా నిలబడి ఉంటే ఆ తలనొప్పి మీకు వద్దు. మీ అబ్బాయిని లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్‌ని పెన్ డ్రైవ్‌లో పెట్టి, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా ఐ3ని దాని నుంచి ఆన్ చేసి చూపించమనండి. ఆదివారం కొట్టు మూసి ఉన్నప్పుడు ఇద్దరూ కూర్చుని చూడండి. రేపు మీ పని పూర్తిగా యూనికోడ్‌కి, స్క్రైబస్‌కి మారిన రోజున ఐ3కి అదే సరైన దారి కావచ్చు. అప్పుడు ప్రింట్లు ఐ5 నుంచి ఇస్తే సరిపోతుంది.

ఐ5ని ఎప్పుడు మార్చాలంటే, మూఢమో ఆషాఢమో వచ్చినప్పుడు. శుభలేఖల పని ఉండదు, ఏదైనా తేడా వచ్చినా రెండు రోజులు చూసుకోవచ్చు. ముహూర్తాలు దగ్గర పడుతుండగా ఎవరెంత తొందర పెట్టినా వద్దు. పెద్ద కంపెనీ ఇచ్చింది కదా తప్పు ఉండదులే అనుకోకండి. 2018 అక్టోబర్‌లో విండోస్ 10కి వచ్చిన ఒక పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లనే తుడిచేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని కొద్ది రోజుల్లోనే ఆపేసి, సరిచేసి నవంబర్‌లో మళ్లీ ఇచ్చింది. మొదటి రోజే వేసుకుని బ్యాకప్ లేనివాళ్లకి పోయింది పోయినట్టే. విండోస్ 11 వచ్చిన కొత్తలో కూడా ఏఎండీ ప్రాసెసర్లు ఉన్నవి నెమ్మదించాయి, అదే నెలలో సరిచేశారు. అది విడుదలై నాలుగేళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు మీరు మారడంలో అప్పటి భయాలు లేవు, బ్యాకప్ మాత్రం తప్పదు. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని, రెండు సిస్టమ్‌ల ఫైళ్లూ, ఫాంట్ల ఫోల్డరూ అందులో పెట్టి ఇంటికి తీసుకెళ్లండి. మీకు నేను కొనమనేది ఇదీ, ఆ ఎస్ఎస్‌డీ మాత్రమే.

ఐ5లో ఇప్పుడున్నది 64 బిట్ అయితే ఫార్మాట్ కొట్టకుండా విండోస్ 10 మీదే అప్‌గ్రేడ్ చేయించండి. నచ్చకపోతే పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లోని రికవరీ నుంచి వెనక్కి వెళ్లొచ్చు. ఆ పది రోజులూ డిస్క్ క్లీనప్ చేయకండి, పాత విండోస్ ఫోల్డర్ పోతే వెనక్కి దారి ఉండదు. స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చిందని మీ ఆయన చిరాకు పడితే, టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో ఎడమకి మార్చుకోవచ్చు.

ఇంకొక్కటి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యాక డిస్క్‌కి తాళం, అంటే డివైజ్ ఎన్‌క్రిప్షన్, ఆన్ అయిందేమో సెట్టింగ్స్‌లో చూడండి. ఆన్ అయితే 48 అంకెల రికవరీ కీ ఒకటి ఆ అకౌంట్‌లో దాగి ఉంటుంది. ఎప్పుడైనా బయోస్ మార్చినా, మదర్‌బోర్డ్ పోయినా అది అడుగుతుంది. అది లేకపోతే ఫైళ్లు డిస్క్‌లో ఉన్నా ఎవరూ తీయలేరు. ఆ అంకెలను కాగితం మీద ప్రింట్ తీసి, ఒక కాపీ కొట్టులో కాకుండా ఇంట్లో పెట్టండి. అకౌంట్ పాస్‌వర్డ్ మీ ఆయనకి కూడా తెలిసి ఉండాలి. అకౌంట్‌కి ఇచ్చే ఫోన్ నంబర్ సర్వీసు అబ్బాయిది కాకుండా మీదే అయి ఉండాలి.